నేను పంపిన ఎనిమిది ఫోటోలు

మా వదిన విషయంలో నన్నెవరైనా మెచ్చుకుంటే ఒళ్లు మండుతుంది. ‘ఆడపడుచై ఉండి కన్నతల్లిలా చూసుకుంది’ అంటారు చుట్టాలు. అయిదేళ్లుగా వింటున్నాను, అయిదేళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకే చెబుతున్నాను.

మాది భావనపాడు పక్కన ఊరు. ఎనిమిదో నెలలో వదినకి బీపీ పెరిగింది. ప్రతిసారీ శ్రీకాకుళం రానక్కర్లేదు, ఇంట్లోనే మిషను పెట్టుకుని పొద్దునా సాయంత్రం చూసి అంకెల ఫోటో వాట్సాప్‌లో పంపమంది డాక్టరమ్మ. పై అంకె నూటయాభై దాటితే వెంటనే తెచ్చి చేర్చమంది. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే. ఆ పని నా నెత్తిన పడింది.

అప్పుడు ఎచ్చెర్లలో పీజీ ఆఖరి పరీక్షలు రాస్తున్నాను. వదిన ఆస్పత్రిలో చేరితే పక్కన ఉండాల్సింది నేనేనని అమ్మ ముందే తేల్చేసింది. తనకి మోకాళ్ల నొప్పులట. అన్నయ్యకి బోటు పనట. నా పరీక్షల ఊసే ఎవరూ ఎత్తలేదు. ఇప్పటికీ తలుచుకుంటే పళ్లు నూరుకుంటాను.

ఇంకా రెండు పేపర్లున్నాయనగా, ఒక పొద్దున వదిన చేతికి పట్టీ కడితే నూట అరవై నాలుగు చూపించింది. మళ్లీ చూశాను. నూట అరవై ఎనిమిది. మిషను తీసుకుని వంటింట్లోకి పోయి, పట్టీ నా చేతికే కట్టుకున్నాను. నూట పద్దెనిమిది. ఆ ఫోటో పంపాను. బాగుంది, అవే మాత్రలు వాడమని డాక్టరమ్మ జవాబిచ్చింది.

“ఎంతొచ్చినాదే?” అని అడిగింది వదిన.

“బాగానే ఉన్నాది వదినా.”

“మరి తల పగిలిపోతన్నాదేటి? కళ్లకి మసకలొస్తన్నాయి.”

“ఎండకిలే. కాసేపు తొంగో.”

“సరేలే. నువ్వు సూసినావు గదా, నాకు బెంగ లేదు.”

అలా నాలుగు రోజులు, ఎనిమిది ఫోటోలు. భయంతో చేసిన పొరపాటా? కాదు. మొదటిసారీ తెలుసు, ఎనిమిదోసారీ తెలుసు. నా కోపం న్యాయమైనదే, ఇప్పుడూ అదే అంటాను. కానీ అమ్మ మీదా అన్నయ్య మీదా అరవాల్సిన నేను, నోరెత్తని వదిన మీద ఎందుకు తీర్చుకున్నాను? మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అంటారు. నేనూ అంతేనా?

ఆఖరి పేపరు రాసి ఇంటికొచ్చేసరికి వదినకి మూర్ఛ వచ్చి ఆస్పత్రికి తీసుకుపోయారు. ఆమె బతికింది. కడుపులో ఆడపిల్ల బతకలేదు.

అన్ని రోజులు బాగుండి ఒక్కసారిగా ఎలా పెరిగిందో డాక్టరమ్మకి అర్థం కాలేదు. కారణం అమ్మ కనిపెట్టింది. వదిన ఎవరికీ చెప్పకుండా రెండు ఎండుచేపలు కాల్చుకు తిన్నదట. “ఉప్పుసేపలకి కక్కుర్తిపడి పిల్లని సంపేసినాది” అని వాకిట్లో నిలబడి పదిమందీ వినేలా అంది. వదిన తల వంచుకుంది. నేను పక్కనే ఉన్నాను. పెదవి విప్పలేదు. నా అంత సిగ్గులేనిది ఉంటుందా?

పరీక్ష పాసయ్యాను. టీచర్ని అయ్యాను, పెళ్లయింది, కూతురు పుట్టింది. వదినకి మళ్లీ కడుపు పండలేదు.

మొన్న నా కూతురికి పిలకలు వేస్తూ వదినే అంది: “నా నోరు కట్టుకునుంటే, నా పిల్ల ఈపాటికి బడికెల్లును.”

కాఫీ పెడతానని లేచిపోయాను.

వదినా, నువ్వు తిన్న చేపల వల్ల కాదు. నిన్ను ఆస్పత్రికి పోనివ్వనిది నేను. నీ పిల్లని చంపింది నేను. క్షమించమని అడగను, ఆ ముఖం నాకు లేదు. అయిదేళ్లలో ఈ మాట పూర్తిగా రాయడం ఇదే మొదలు. రాశాక ఊపిరి ఆడుతోంది. అలా ఆడినందుకూ నా మీద నాకు ఒళ్లు మండుతోంది.