తుడిచేయని ఫోటో

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరు నన్నెరుగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పటికి గుంటూరు నుంచి చెన్నైకి ఉద్యోగానికి వచ్చి కొన్నాళ్లే. ఫోటోల పిచ్చి. ఒకరోజు పొద్దున పెరంబూరులో లోకల్ రైలెక్కితే, ఆడవాళ్ల పెట్టెలో నా ఎదురుగా ఆమె కూర్చుని ఉంది. యాభై ఏళ్లుంటాయి. నల్లని ముఖం మీద బొల్లి మచ్చలు. ఎడమ కంటి చుట్టూ తెల్లగా పరుచుకున్నాయి. ఆ కంటి రెప్పవెంట్రుకలు కూడా తెల్లబడ్డాయి. చిలకపచ్చ చీర, పెద్ద కుంకుమబొట్టు. కొంగుతో ఏదీ దాచుకోలేదు. పెట్టెంతా దొంగచూపులు చూస్తుంటే, ఆమె నిటారుగా కూర్చుని మల్లెలు కట్టుకుంటోంది. అంత అందమైన ముఖం నేను అంతకుముందు చూడలేదు. ఇప్పటికీ ఆ మాటే అంటాను.

ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ రెండు ఫోటోలు తీశాను.

"ఏమ్మా, నన్నేనా తీసినావు?" అంది. నేను అమ్మతో ఫోన్లో మాట్లాడటం విన్నట్టుంది, తెలుగులోనే అడిగింది.

"సారీ అక్కా. చాలా బాగున్నారని..."

నవ్వింది. "బాగుంటే అడగగూడదా? చూసేదానికి నేను వద్దనలా మా. చూసేవాళ్లను నేనూ తిరిగి చూస్తా. ఫోటోలోనుంచి ఎట్ల చూసేది? తుడిచెయ్."

ఆమె కళ్లముందే ఒకటి తుడిచేశాను.

"అంతేనా?"

"అంతే అక్కా."

నమ్మింది. దిగేముందు కొన్ని మల్లెలు తుంచి నా చేతిలో పెట్టింది.

రెండోది ఎందుకు ఉంచుకున్నాను? ఇష్టంతోనే అని చాలాకాలం చెప్పుకున్నాను. కానీ ఇష్టమే అయితే, ఆమె వద్దన్న మాట కూడా ఇష్టంగా వినేదాన్ని కదా? నెట్లో పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. నన్ను.

కొన్ని నెలలకు చింతాద్రిపేట స్టేషన్ బయట గోడ మీద ఏదో చర్మ వైద్యశాల పోస్టరు కనిపించింది. నేను నెట్లో పెట్టిన ఫోటోలోని ఆమె ముఖమే. కింద తమిళంలో 'చికిత్సకు ముందు' అని. పక్కన ఎవరో నవ్వుతున్న అమ్మాయి, 'తర్వాత'.

ఆ ముఖానికి ఏ చికిత్సా అక్కర్లేదని అరవాలనిపించింది. వాళ్లకు ఫోన్ చేయాల్సింది. చేస్తే, ఆమె ఒప్పుకుందా అని నన్నడుగుతారు. చేయలేదు. ఆ ఒక్క పోస్టరు చించాను, నెట్లోంచి ఫోటో తీసేశాను, ఆమె ఎక్కే ఆ పొద్దుటి రైలు ఎక్కడం మానేశాను.

ఆమె అది చూసిందో లేదో నాకు తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీరు చేయగలిగిన పని కాదు. వద్దన్నా ఉంచుకున్నాను. ఇంకోటి లేదని ఆమె ముఖం మీదే చెప్పాను. ఇన్నాళ్లకు ఈ మాట రాయగలిగాను. ఊపిరి కాస్త ఆడుతోంది.