సప్పుడు లేని లారీ

"బాపూ, లారీ సప్పుడు లేకుండ ఎట్ల ఉరుకుతది?"

"మీ నాయినమ్మ ఎన్కకెల్లి నూకుతది బిడ్డా. ఇగ దిగు, జల్దీ బడికి పో."

దినాం నేను గదే అడిగేది, బాపు గదే చెప్పేది. మా బాపు, నేను మాట్లాడుకున్న ఆఖరి మాటలు గవ్వే. నాయినమ్మ సచ్చిపోయి అప్పటికి ఏడాదైంది.

మాకున్నది ఒక్కటే లారీ. పాశమైలారం ఫ్యాక్టరీల డ్రమ్ములు మోసేది. వచ్చిన కిరాయి డీజిల్‌కు, టైర్లకే అయిపోయేది. అందుకే దిగుడు వచ్చిందంటే బాపు ఇంజన్ బంద్ చేసేటోడు. ఇగ గాలి, డ్రమ్ముల గలగల తప్ప ఏం ఇనొచ్చేది కాదు. నేను అద్దంల ఎన్కకు సూసేదాన్ని. దుమ్ముల నాయినమ్మ తెల్లచీర కనబడ్డట్టే ఉండేది.

ఆ పొద్దు నన్ను దింపి పోయినంక దిగుడుల లారీ ఆగలేదు. బాపు పానం పోయింది.

నాయినమ్మనే గట్టిగ నూకిందనుకున్న. పెత్రమాస నాడు ఆమె పేరు మీద పెట్టిన బువ్వను కాకి ముట్టకముందే మోరీల పారబోసిన. ఎవ్వలకు చెప్పలే.

ఇంజన్ నడవకుంటే బ్రేకులకు గాలి అందదని పెండ్లైనంక మీ తాత చెప్పిండు. ఆయన గూడ డ్రైవరే గద. అప్పుడు సమజైంది, బాపును తీస్కపోయింది మిగుల్చుకుందామనుకున్న డీజిలేనని.

ఇయ్యాల పొద్దుగాల ఇస్నాపూర్ కాడ ఒక లారీ సప్పుడు లేకుండ నా పక్కకెల్లి పోయింది. ఎన్క దుమ్ముల తెల్లగ ఏందో కదిలింది. నేను దండం పెట్టిన.

సుజాతా, నేను చెప్పంగ నువ్వు రాసింది ఒకసారి సదువు బిడ్డా. జెర గట్టిగ సదువు, మా నాయినమ్మ గూడ ఇనాలె.