గంగమ్మ మీద ఒట్టు, డబ్బీలో కళ్ళె

అరవయ్యో దశకం చివర్లో నేను నమ్మనివి చాలా ఉండేవి: దేవుడు, దెయ్యం, ముహూర్తం, మా మేనమామ చెప్పే జాతకం. నమ్మింది ఒక్కటే, నా నోరు. చర్చాసభల్లో పండితుల్ని నిలబెట్టి కడిగిన ఆ నోటినే క్షయ నివారణ శాఖవారు జీతమిచ్చి శ్రీకాకుళం తీరానికి పంపారు. ఎక్కడపడితే అక్కడ ఉమ్మితే క్షయ పాకుతుంది, మాన్పించాలి అన్నది మొదటి ఏడాది ఆదేశం. ఓ మత్స్యకారుల పల్లెలో గొంతు బొంగురుపోయేదాకా ఉపన్యాసాలిచ్చాను. ఒక్కరూ మానలేదు. విసుగెత్తి ఊరందరినీ ఒడ్డున నిలబెట్టి, ఉమ్మబోమని గంగమ్మ మీద ఒట్టు వేయించాను. మర్నాటికి పల్లె అద్దంలా ఉంది. (ఇది ఏ హేతువువల్ల జరిగిందో పై అధికారులు అడగలేదు, నేనూ చెప్పలేదు.)

మరుసటి ఏడు ఆదేశం మారింది. జబ్బు ముదిరాక శానిటోరియానికి తోలడం కాదు; విడవని దగ్గున్నవాళ్ళ కళ్ళె ముందే తీసి, సూక్ష్మదర్శినిలో చూసి, ఇంటి దగ్గరే మందివ్వాలి. చక్కటి విధానం, ఇవాళైనా దాని తరఫున ఎవరితోనైనా వాదిస్తాను. డాక్టరుగారితో కలిసి జీపునిండా మూతల డబ్బీలతో అదే పల్లెలో దిగాను. ఒక్కరంటే ఒక్కరు ఉమ్మలేదు!

నా దిగులంతా తుఫానప్ప గురించి. గంప నెత్తినపెట్టి "సేపలో" అని ఆమె కేకేస్తే పక్క ఊరి పిల్లులు లేచేవి. ఇప్పుడా కేక మధ్యలో తెగి దగ్గులోకి దిగుతోంది. మనిషి సగమైపోయింది.

"అప్పా, ఈ డబ్బీలో ఉమ్ము."

"ఏటి బాబూ, నిరుడు ఉమ్మొద్దని ఒట్టేయించినావు, ఇప్పుడు ఉమ్మమంతన్నావు. నీకేటైనా గాలి సోకినాదేటి?"

"ఒట్టుకు బలమేమీ లేదప్పా. అది ఉత్త మాట."

"ఉత్త మాటైతే మరెందుకేయించినావు?"

(ఏ పండితుడూ నన్నింత సూటిగా అడగలేదు.) ఆమె గొంతు తగ్గించింది. "మా మావ రోజూ సంద్రంలోకి ఏటకెల్తాడు. నాను ఒట్టు తప్పితే గంగమ్మ ఆడ్ని ఉంచుతాదా? సస్తే నాను సస్తాను గానీ, ఆడికి ముప్పు తేను. ఏయించినోడివి నువ్వే ఇప్పు. నీట్లోకి దిగి, కొబ్బరికాయిచ్చి, ఒట్టు తీసేత్తన్నానని అమ్మకి సెప్పు."

డాక్టరుగారు నవ్వాపుకుంటూ, "దిగవయ్యా, శాఖ ఆదేశమనుకో" అన్నారు.

కొత్త టెర్లిన్ ప్యాంటుతో నడుంలోతు దిగి, కొబ్బరికాయ నీళ్ళలో వదిలాను. ఒడ్డంతా జనం. "తల్లీ..." అన్నాను. పండితుల్ని కడిగిన నోట్లోంచి గొణుగుడే వచ్చింది. "గట్టిగా బాబూ! నిరుడు మమ్మల్ని తిట్టినట్టు!" అని వెనకనుంచి తుఫానప్ప. "తల్లీ, ఒట్టు తీసేస్తున్నాను!" అని అరిచానో లేదో, ఒక అల నన్నెత్తి ఒడ్డున కుదేసింది. (కళ్ళజోడు ఇంకా గంగమ్మ దగ్గరే ఉంది.) నోటినిండా ఇసుక. లేచి అందరి ముందూ థూ థూ అని ఉమ్మాను. ఏడాదిగా ఆ పల్లెలో నేలమీద ఉమ్మినవాణ్ణి నేనే! తుఫానప్ప విరగబడి నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు గుండెల అడుగునుంచి కళ్ళెను తెచ్చింది, డాక్టరుగారు డబ్బీ పట్టారు. ఆమె వెనకే ఊళ్ళో దగ్గేవాళ్ళంతా వరసకట్టారు.

తుఫానప్ప కళ్ళెలో క్రిములు కనిపించాయి. విడవకుండా ఏడాదికి పైగా మందు మింగింది, బతికింది. చాలా ఏళ్ళ తర్వాత ఆ పల్లె దగ్గరి సంతలో నడుస్తుంటే ఈ చివరినుంచి ఆ చివరికి వినబడేలా పిలుపు: "బాబో! మళ్ళా దిగుతావేటి?" నేను తెల్లజుట్టుతో, ముక్కుమీద మందపాటి కళ్ళజోడుతో నిలబడి, తెగకుండా వచ్చిన ఆ కేకను పూర్తిగా విన్నాను.

గంగమ్మ లేదనే ఈనాటికీ అంటాను. అయితే ఆ పల్లెకు వెళ్ళినప్పుడు మాత్రం, ఒడ్డుకు కాస్త దూరంగా నిలబడి అంటాను.