ఇంకా ఆ ఆటోలోనే

మా గల్లీలో బాలమణి గురించి ఒక మాట తిరిగేది. ఆడపిల్ల పుట్టిందని కోపమట, కన్ననాటి నుంచి బిడ్డను ఒక్కసారి కూడా ముట్టలేదట.

ముట్టకపోవడం నేనూ చూశాను. పాపకు తొమ్మిది నెలలు. నీళ్లు పోసేది, ఎత్తుకునేది అంతా అత్త ఐలవ్వే. బాలమణి గడపవతల కూర్చుని బీడీలు చుట్టేది. పాప పాకుతూ వస్తే చాట తీసుకుని లేచిపోయేది.

సకల జనుల సమ్మె అయిన మరుసటి ఏడు హైదరాబాదు నుంచి సుమన మేడం వచ్చింది. కాన్పులో ప్రాణభయం చూసిన ఆడవాళ్ల మనసు తర్వాత ఎట్లా ఉంటుందో ఆమె పరిశోధన. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నన్ను ప్రశ్నలు చదవడానికి వెంట తిప్పుకుంది. కాగితం మీద ఉన్నది ఉన్నట్టే చదవాలి, సొంత మాట కలపకూడదని ముందే చెప్పింది.

మేము బాలమణి ఇంట్లో కూర్చోగానే ఐలవ్వ అందుకుంది.

"జబ్బని చిట్టీ రాసిస్తే దవాఖానకు తీస్కపోతం మేడం. లేదంటే నా కొడుకు కౌడిపల్లిల తల్లిగారింట్ల దింపొస్తడు. పిల్ల మా దగ్గర్నే ఉంటది. ఎత్తుకొమ్మంటే చేతులు వణుకుతయట మహారాణికి!"

నేను చదివాను. "ప్రసవ సంఘటన మీకు పదే పదే గుర్తుకు వస్తుందా?"

"రాదు," అంది బాలమణి.

"పీడకలలు వస్తాయా?"

"నిద్రనే రాదు, కలలేడికెల్లి వస్తయి?"

రెండుచోట్లా 'లేదు' దగ్గర టిక్కు పెట్టాను. మేడం చూసి, "ఈమెకు సమస్య లేనట్టే," అంది. ఐలవ్వ కొంగు దులుపుకుని లేచింది.

బాలమణి చేతిలో బీడీ చుట్టే తునికాకు ముక్కలు ముక్కలైంది. మేడం ఫారం మడవబోతుంటే నా నోటి నుంచి మాట వచ్చేసింది.

"వదినా, నిజంగ యాదికి రాదా?"

"యాదికొచ్చుడేందే పిల్లా? అయిపోయిందైతే యాదికొస్తది. నేనింక గా ఆటోలనే ఉన్న."

మేడం ఫారం మళ్లీ విప్పింది.

బాలమణి తల ఎత్తకుండా చెప్పింది. నొప్పులొచ్చి కౌడిపల్లి నుంచి ఆటోలో మెదక్ దవాఖానకు వస్తుంటే, తెలంగాణ కోసం జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. బండ్లన్నీ ఆగిపోయాయి. దారి ఇమ్మని అడగడానికి ఆమె తల్లీ, ఆటో అతనూ ముందుకు పరుగెత్తారు. వాళ్లు తిరిగి వచ్చేలోపే, ఆటోలో ఆమె ఒక్కతే ఉండగా కాన్పయింది. బిడ్డ నీలంగా ఉంది, ఏడుపు లేదు.

"పిల్ల సల్లగ ఉండె. ఇప్పుడు ముట్టినా గట్లనే సల్లగ తగుల్తది. నా చేతులల్లనే పానం పోతదని భయం."

మేడం జవాబులు దిద్ది, మనసు డాక్టరుకు చిట్టీ రాసిచ్చింది. బాలమణి భర్త ప్రకాశం అది చదివి జేబులో పెట్టుకున్నాడు.

"పిచ్చి దవాఖానకా? నలుగురు ఏమంటరు?"

శుక్రవారం ఆమెనొక్కదాన్నే కౌడిపల్లిలో దింపి వచ్చాడు. ఆడపిల్ల ఇష్టం లేకే పోయిందని గల్లీ అంతా అనుకుంది.

పుట్టిన బిడ్డకు మొదటి ఊపిరి అందించింది ఎవరని ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంది. ఆ పొద్దు బిడ్డ నోట్లో, ముక్కులో ఉన్న ఉమ్మనీరు తన నోటితో పీల్చి ఊసి, ఏడ్చేదాకా ఊపిరి ఊదింది తానేనని బాలమణి చెప్పింది. అక్కడ నేను 'తల్లి' అని రాశాను.