అద్దె పుస్తకానికి తీసిన ఫొటోలు

జపాను భాష పరీక్షకు చదవాలనుకున్న ఏడాది నాకు ఇరవై ఆరేళ్లు. ఊరి శివారు లైంగ్‌థార్యార్‌లో ఒక బట్టల ఫ్యాక్టరీ ఆఫీసులో పని. ఆ పరీక్ష పాసైతే కొనుగోలుదార్లతో మాట్లాడే సెక్షనులోకి మారుస్తామని మా మేనేజరు అన్నాడు. మా ముత్తాత బర్మా వచ్చి ఈ ఊరి రేవులో బస్తాలు మోశాడు. నాన్న వ్యాను నడుపుతాడు. మా ఇంట్లో పుస్తకమంటే, నేను ఆదివారాలు గుడికి వెళ్లి తెలుగు నేర్చుకున్న వాచకం ఒక్కటే.

పెద్ద షాపుల్లో కొత్త పుస్తకాలకు ధర చీటీ మీద ఇంకో చీటీ అతికించి ఉండేది. డాలరు పెరిగినప్పుడల్లా ఒకటి చొప్పున. పై చీటీని గోటితో కాస్త లేపి, కింద ఉన్న పాత ధర చూసుకుని, పుస్తకం అక్కడే పెట్టేసి వచ్చేదాన్ని. ఫేస్‌బుక్‌లో జిరాక్సు పుస్తకాలు చవగ్గా అమ్మే పేజీలుంటాయి. ఇక్కడ ఫేస్‌బుక్‌ను ఆపేశారు కాబట్టి వీపీఎన్ పెట్టుకుని వెతికి, ఒకదానికి డబ్బు పంపాను. వారానికి పార్సిల్ వచ్చింది. విప్పి చూస్తే అందులో కుడివైపు పేజీలు మాత్రమే ఉన్నాయి. మిగతావేవని అడిగితే నన్ను బ్లాక్ చేశారు.

ఆ ఏడుపు విని అమ్మ ఊరి నడుమ పబేడాన్‌లో ఒక మేడ మెట్ల కింద ఉన్న ఒక పాత పుస్తకాల కొట్టు సంగతి చెప్పింది. కొట్టాయనది తెలుగే, వాళ్ల పెద్దలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు. అరవై దాటిన మనిషి. ఎప్పుడు వెళ్లినా మైదా జిగురు గిన్నె పక్కన పెట్టుకుని, ఊడిన పుస్తకాలను దారంతో కుడుతూ ఉండేవాడు. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. పాత పుస్తకాలు అమ్మేవాడు, అమ్మడానికి మనసొప్పనివి వారం లెక్కన అద్దెకిచ్చేవాడు.

అలా అద్దెకిచ్చేవాటిలో జపాను వ్యాకరణం ఒకటుండేది. వివరణంతా బర్మా భాషలో, మా బోటివాళ్లకు అర్థమయ్యేట్టు ఎవరో మాస్టారు రాసింది. అచ్చు ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఆయన దగ్గర ఉన్నది ఒకే ఒక ప్రతి. దానికోసం గీతల నోటుబుక్కులో పేర్ల వరస రాసి ఉంచేవాడు. ఎక్కువగా ఫ్యాక్టరీ అమ్మాయిలే. ఒకరు తిరిగిచ్చిన రోజే ఇంకొకరు పట్టుకుపోయేవారు. నెలన్నర ఆగాక నా వంతు వచ్చింది. అందరి దగ్గరా బయానా తీసుకునే మనిషి నేను పర్సు తీస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

“మనోల పిల్ల దగ్గిర ఏటి తీసుకుంటాను? పేజీలు మడతెట్టకు, సాలు” అన్నాడు.

నేను పేజీలు మడతపెట్టలేదు. ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోతే, కిటికీ దగ్గర చాప వేసుకుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఫోనుతో ఫొటోలు తీశాను. అంతకుముందే ఆయన దగ్గర తెచ్చిన చిన్న పుస్తకాలు రెండింటిని, అంటే ఒక అక్షరాల పుస్తకాన్నీ, చదివి జవాబులు రాసే పాఠాల పుస్తకాన్నీ, అలాగే తీసుకున్నాను. అలవాటైపోయింది. నాకోసమే కదా, ఎవరికి నష్టం అనుకున్నాను. ఆ మాట అప్పటికి నిజమే.

పరీక్షకు చదివేవాళ్ల గ్రూపు ఒకటి ఆన్‌లైన్‌లో ఉండేది. అందులో ఒకమ్మాయి, ఫలానా వ్యాకరణం కోసం వరసలో ఉన్నానని, తన వంతు పరీక్ష అయ్యాక గానీ రాదని దిగులుగా రాసింది. నేను ఫొటోలన్నీ ఒక ఫైలుగా చేసి అక్కడ పెట్టేశాను. అయిదు నిమిషాల పని. తర్వాత బస్సులో ఫోను తెరిస్తే అడుగు దాకా దండాలు, హృదయాలు. అందరూ నన్ను ‘సయామ’ అంటున్నారు. టీచరమ్మను అలా పిలుస్తారు. నన్నెవరూ అంతవరకు అలా పిలవలేదు. ఇంటికి చేరేలోగా ఆ మాటలన్నీ రెండుసార్లు చదువుకున్నాను. మర్నాడు మిగతా రెండు పుస్తకాలూ పెట్టాను. ఈసారి ఎవరూ అడగలేదు, నేనే పెట్టాను.

వారం తిరిగేసరికి వ్యాకరణం తిరిగివ్వడానికి వెళ్లాను. బాబాయి పుస్తకం తీసుకుని, పేజీలు ఒకసారి తిరగేసి, బల్ల మీద పెట్టాడు. తర్వాత, మామూలుగా అడిగినట్టే అడిగాడు. వరసలో ఉన్న పిల్ల ఒకర్తె నిన్న వచ్చి తన పేరు కొట్టెయ్యమందట. ఫోనులో వచ్చేసిందని చూపించిందట. చూస్తే ఆయన కుట్టిన దారమూ, ఆయన అతికించిన కాయితం ముక్కలూ అందులో ఉన్నాయట.

“ఎవులు తీసినారో నీకేటైనా తెలుసా అమ్మా?”

“తెలీదు బాబాయ్” అన్నాను.

నా గొంతు వణకలేదు. ఎవరో ఏమో, ఈ రోజుల్లో అందరి చేతుల్లోనూ ఫోన్లే కదా అని కూడా అన్నాను. ఆయన సర్లే అని, నోటుబుక్కులో తర్వాతి పేరు చూసుకున్నాడు. నేను బయటికి వచ్చి, టీ కొట్టు దాటి, బస్‌స్టాపు కూడా దాటిపోయి చాలా దూరం నడిచాను. ముఖం వేడెక్కిపోయింది. ఎదురొచ్చే వాళ్లంతా నన్నే చూస్తున్నారనిపించింది.

ఆ తర్వాత మూడు శనివారాలు ఆ వీధికి వెళ్లాను. రెండుసార్లు కొట్టు కనబడే మలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. మూడోసారి లోపలికి వెళ్లాను. ఆ వ్యాకరణం అలమరలో ఉంది. దాన్ని అలమరలో చూడడం నాకదే మొదటిసారి. అంతకుముందు అది అలమర ఎక్కే అవసరమే ఉండేది కాదు. బల్ల మీద నోటుబుక్కు తెరిచి ఉంది. పేర్ల మీద వరసగా గీతలు కొట్టి ఉన్నాయి.

“బాబాయ్, ఆ ఫొటోలు తీసింది నేనే” అన్నాను.

ఆయన కుట్టడం ఆపలేదు.

“తెలుసమ్మా. ఆ పిల్ల సూపించినపుడే సూసినాను. పేజీ మూల నీ బొటనేలు పడింది.”

ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో, ఆఫీసుకు మారకముందు, నా బొటనవేలు ఇస్త్రీ యంత్రం కింద పడి నలిగింది. అప్పట్నుంచి గోరు రెండుగా చీలి పెరుగుతుంది. ఈ మూడు వారాలూ నేను అడ్డమైన చోటల్లా తిరిగి దాచుకున్న సంగతిని ఆ గోరు మొదటిరోజే చెప్పేసింది.

“మరి ఆరోజు నన్నెందుకడిగావు?”

“నువ్వు సెప్తావేమోనని.”

ఆయన దారం తెంపి, సూదిని చొక్కా జేబుకు గుచ్చుకుని, కోపమేం లేకుండా చెప్పాడు. నేను నోరు తెరిచి అడిగి ఉంటే తానే ఇచ్చేవాడట. వరసలో ఉన్న పిల్లల అవస్థ తనకూ తెలుసునట. నాలుగు జిరాక్సులు తీయించి తక్కువ అద్దెకు తిప్పేవాడట.

“ఆలకీ జరిగీది, నాకూ జరిగీది” అన్నాడు. ఆ తర్వాత, “ఇదొక్కటేనా?” అని అడిగాడు.

“ఒక్కటే” అన్నాను.

ఎందుకలా అన్నానో చాలాసార్లు ఆలోచించుకున్నాను. తప్పు ఒప్పుకున్న పిల్లగా ఆయన ముందు నిలబడ్డాను. ఆ నిలబడ్డ చోటు నుంచి మళ్లీ కిందికి దిగడం నాకిష్టం లేకపోయింది. అంతే. భయం కూడా కాదు.

ఇంటికెళ్లి మూడు ఫైళ్లూ తీసేశాను. అప్పటికే అవి వేరే గ్రూపులకు వెళ్లిపోయాయి. ఒక పేజీలో అయితే ఎవరో నా ఫొటోలనే అచ్చు వేయించి, బైండు కట్టి అమ్ముతున్నారు. గ్రూపులో మాత్రం నన్ను ఇంకా సయామ అనే పిలిచేవారు. నేను జవాబివ్వడం మానేశాను.

ఆయన పుస్తకాలు ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టనా అని నేనే అడిగాను. సరేనన్నాడు. శనివారం మధ్యాహ్నాలు మెట్ల కింద స్టూలు మీద కూచుని, అట్ట ఫొటో తీసి, కింద వివరాలు రాసేదాన్ని. పుస్తకంలో లోపమేదైనా ఉంటే ఆయన దాచనిచ్చేవాడు కాదు. పురుగు తిన్నాదని రాయి, సివరి పేజీ నేదని రాయి అని పక్కనుంచి చెప్పేవాడు. కొన్ని అమ్ముడుపోయేవి. ఒక వంటల పుస్తకం, పాత ఇంగ్లీషు నిఘంటువులు డెలివరీ బండి మీద ఊరి చివరి మింగళాడోన్ దాకా వెళ్లాయి. అద్దెకు తీసుకునే పిల్లలు లేని లోటు అవి తీర్చలేదు. తీరుస్తున్నట్టు ఇద్దరం మాట్లాడుకునేవాళ్లం.

పరీక్ష పాసయ్యాను. ఆ వ్యాకరణం లేకపోతే పాసయ్యేదాన్ని కాదు. ఆ మాట ఆయనతో చెప్పడానికి నాకు నెల పట్టింది. చెబితే, మంచిదని తల ఊపి టీ తెప్పించాడు.

వానలు మొదలయ్యాక ఒక శనివారం ఆయన చదివి జవాబులు రాసే ఆ పాఠాల పుస్తకం తీసి నా ముందు పెట్టాడు. రెండుసార్లు ఆన్‌లైన్‌లో పెట్టినా ఎవరూ అడగలేదు. అద్దెకూ పోవడం లేదు.

“ఇది ఎప్పుడూ ఆగీది కాదు. ఇప్పుడు ఎవులూ అడగరేటి?” అన్నాడు. నన్ను పరీక్షించడానికి కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు.

పైన టార్పాలిను మీద వాన గట్టిగా పడుతోంది. నేను రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి ఆయనకు వినబడలేదు.

“ఇది కూడా నేనే పెట్టాను బాబాయ్. అక్షరాల పుస్తకం కూడా. ఆరోజు ఒక్కటే అని అబద్ధం చెప్పాను.”

ఆయన పుస్తకం అట్టకేసి చూశాడు. మొదటిసారి కనబడని బాధ ఈసారి ముఖంలో కనబడింది. వ్యాకరణం పోయినందుకు పడలేదు ఆయన అంత బాధ. తిడితే బాగుండునని కూచున్నాను. తిట్టలేదు. ఆ పుస్తకాన్ని తీసి, తూకానికి వేసే కట్టలో పెట్టాడు. ఇంకొక పుస్తకం నా వైపు జరిపాడు.

“దీనికి రాయి. అట్ట సిరిగిందని రాయి” అన్నాడు.

నేను తలెత్తకుండా రాశాను.