పులివేషం, పచ్చ జుబ్బా

మునిమనవడి బడిలో వేషాల పండుగట, బజారు నుంచి పులి డ్రెస్సు కిరాయికి తెచ్చారు. అట్టపెట్టె తెరవగానే కలరా ఉండల వాసన ఇల్లంతా నిండింది. పులి అంటే పసుపు, ఆముదం, మసి వాసన రావాలి గదా అని ముక్కు విరిచాను. ఇంట్లోవాళ్లు నవ్వారు. వాళ్లకేం తెలుసు, మా సైదులు ఒంటి వాసన!

సైదులు నా తమ్ముడు. నా తర్వాత, వాడికి ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోతే, వీడన్నా దక్కాలని మా అమ్మ పీర్లకు మొక్కుకుంది. అందుకే ఆ పేరు, అందుకే ఏటా పీర్ల పండుగకు ఫకీరు వేషం. సూర్యాపేటలో మా వెనక వీధి దర్జీ భార్య ఖాజాబీని మేమంతా పిన్నీ అన్నట్టు ఖాలా అని పిలిచేవాళ్లం. వరికోతలు మొదలై గాలిలో కొత్తగడ్డి వాసన తేలే రోజుల్లో, ఆమె వాణ్ని మిషను పక్కన నిలబెట్టి, మెడ నుంచి మోకాళ్ల దాకా కొలిచి, పచ్చ జుబ్బా కుట్టేది. మెడలో ఎర్రదారం, భుజాన జోలె. ఊదు పొగ కమ్మిన పీర్ల చావిడి ముందు డప్పులు మోగుతుంటే నేను వాడి చెయ్యి పట్టుకుని ఇల్లిల్లూ తిప్పేదాన్ని. మొదటి గడప ఖాలాదే. ఆమె తలుపు వెనక నక్కి, వీడు పిలవగానే నిజం ఫకీరే వచ్చినట్టు ఉలిక్కిపడి, రొట్టె నలిపి బెల్లమూ నెయ్యీ కలిపిన మలీద ముద్ద జోలెలో వేసేది.

పోలీసు యాక్షనంటూ మిలిటరీ వచ్చిన ఏడు వాడికి అయిదేళ్లు. పీర్ల ముందు ఆడే పులివేషాలు చూసి, ఈసారి పులినే అవుతానని మంకుపట్టు. నడుముకు తాడుతోక కట్టుకుని గడ్డివాము చుట్టూ గుర్రుమంటూ తిరిగేవాడు.

"మొక్కు తప్పితే పిల్లగాడు దక్కుతడా?" అని అమ్మ ససేమిరా అంది.

అప్పటికే కోదాడ వైపు నుంచీ మిర్యాలగూడ వైపు నుంచీ సాయిబుల ఇళ్ల మీద పడుతున్నారని చెడ్డ కబుర్లు వస్తున్నాయి. ఖాలా వాళ్ల వీధిలో ఇళ్లు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. నాయన గొంతు తగ్గించి, "ఈ యేడు పచ్చబట్ట వద్దు. సూసినోళ్లు ఏమంటరో, ఏం జేస్తరో" అన్నాడు. ఆయనకు జుబ్బా వేస్తే భయం, అమ్మకు వెయ్యకపోతే భయం. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు.

పండుగ ముందురోజు సాయంత్రం ఖాలాయే వచ్చింది. పెట్టెలోంచి నిరుటి జుబ్బా తీయించి, అది మా ఇంట్లో ఉండి బయటివాళ్ల కంట పడకూడదని, మడిచి చంకలో పెట్టుకుంది.

"పులినే కట్టు అక్కా. మొక్కు నా మీద ఏస్కుంట, పీరుకు నేను జెప్పుకుంట. పిల్లగానికేం గాదు."

అమ్మ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. ఖాలా సైదులు గడ్డం పుణికి, "ముందుగాల మా ఇంటికే రావాలె. నేను భయపడాలె" అంది.

మర్నాడు అమ్మ పసుపులో ఆముదం కలిపి వాడి ఒళ్లంతా పూసి, మసితో చారలు గీసింది. చావిడి మూసి ఉంది. డప్పుల్లేవు, ఊదు లేదు. అయినా వాడు నన్ను లాక్కుంటూ ఖాలా ఇంటికి పరుగెత్తాడు. తలుపుకు తాళం. ఆమె లోపలే నక్కి ఉందనుకుని గుర్రుమన్నాడు. మళ్లీ గుర్రుమన్నాడు.

"ఖాలా, నేను పులిని. జర బయటికి రా!"

"తెల్లారకముందే పోయిండ్రు బిడ్డా. యాడికో తెల్వది" అంది ఎదురింటి అవ్వ. వాడు నమ్మలేదు. గుర్రుమనీ గుర్రుమనీ గొంతు బొంగురుపోయాక ఎత్తుకుని తెచ్చాను. నా లంగా అంతా పసుపయింది.

సైదులుకు ఏమీ కాలేదు. మనవల్ని ఆడించి, పండు ముసలివాడై, మొన్న మొన్ననే పోయాడు. మొక్కు తప్పినందుకు అమ్మ ఏనాడూ భయపడలేదు. ఆ జుబ్బా గురించే బతికినన్నాళ్లూ కుమిలింది. మా ఇంట్లో ఉండకూడదని తీసుకుపోయిన బట్ట దారిలో ఖాలా మూటలో ఎవరికి కనబడిందో, ఆమెను ఏం చేశారో అని. ఎంత వాకబు చేయించినా కబురు తెలియలేదు. ఇప్పుడు ఆ చావిడి లేదు, ఆ ఇంటి చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది, ఖాజాబీ అంటే ఎవరని అడుగుతారు.

కిరాయి పులిని తొడుక్కుని మునిమనవడు నా గది బయట నిలబడ్డాడు. నేను తలుపు వేసుకోవాలట, తాను గుర్రుమంటే భయపడాలట. సరేనని వేసుకున్నాను. వాడు ఒక్కసారి గుర్రుమన్నాడో లేదో, రెండోసారి అననివ్వకుండా తలుపు తీసేశాను.

"గంత జల్ది తీసినవేంది తాతమ్మా!" అని వాడు అలిగాడు.