నూనెచుక్కాయన, సైకిలు చుట్టం

మా ఆయనకు ఊళ్ళో ఉన్న పేరు నూనెచుక్కాయన. మాది సైకిళ్ళు బాగుచేసే కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. పంక్చరుకు వచ్చినా, ఉత్త గాలికి వచ్చినా, ఆయన చేతిలో పడిన ఏ సైకిలూ గొలుసుకు రెండు చుక్కల నూనె పడకుండా గుమ్మం దాటదు. కిర్రుమనే వస్తువు ఎక్కడున్నా ఆయనకు పంటికింద రాయి పడినట్టే. పెళ్ళైన కొత్తలో మా పుట్టింటికి వచ్చినప్పుడు, కొత్తల్లుడు కాస్త బెట్టుగా కూర్చుంటాడని అందరూ చూస్తుంటే, ఈయన నూనెగిన్నె తెప్పించుకుని వీధి తలుపు బందులకు పూస్తూ కూర్చున్నారు. మా అమ్మ ముక్కున వేలేసుకుంది. "అక్కా, నీ సంసారానికి ఇంక చప్పుడే ఉండదులే" అని మా తమ్ముడు ఆ రోజే వెక్కిరించాడు.

ఆ తమ్ముడిది ఇప్పుడు మా పక్క కొట్టే. మోటారు సైకిళ్ళు బాగుచేస్తాడు. బావకూ బావమరిదికీ పొద్దున లేస్తే ఒకటే పోట్లాట. మోటారు బండ్లంటే మా ఆయనకు గిట్టదు, ఎక్కరు సరికదా వాటి వంక కన్నెత్తి కూడా చూడరు. ఆ మొండితనం ఒక మనిషి ప్రాణం మీదికి తెస్తుందని మాత్రం నేను కలలో కూడా అనుకోలేదు.

ఓ సాయంత్రం జోరువానలో ఒక పరదేశి సైకిలు మీద వచ్చి మా చూరు కింద ఆగాడు. సైకిలుకు ముందూ వెనకా సంచులు, మనిషికి ఒళ్ళంతా బురద. మన భాష ఒక్క ముక్క రాదు. దేశాలన్నీ సైకిలు మీదే తిరుగుతున్నాడని చేతి సైగలను బట్టి అర్థం చేసుకున్నాం. వాన తగ్గేదాకా నిలబడదామని వచ్చినవాణ్ణి మా ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చారు.

"సైకిలు మీద వచ్చినవాడు మనకి చుట్టం కాకపోతే ఇంకెవరే? వడ్డించు" అన్నారు.

పొడిబట్టలు ఇచ్చాను. మా ఆయన చొక్కా చేతులు అతనికి మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. పెట్టిందల్లా తిని, పళ్ళెం తనే కడగబోతే కసిరాను. భాష రాకపోయినా కసురు అర్థమైంది కాబోలు, బుద్ధిగా కూర్చున్నాడు. పడుకునే ముందు వాళ్ళమ్మ ఫొటో చూపించాడు. ఆవిడకి నా వయసే ఉంటుంది.

తెల్లారి నేను లేచేసరికి మా ఆయన అతని సైకిలును తలకిందులుగా నిలబెట్టి తుడుస్తున్నారు. ముందు రోజు చూరు కింద ఆగేటప్పుడు అది కుయ్యిమని అరిచింది. ఆ అరుపు ఈయన చెవిలోంచి పోలేదు. దాని చక్రాల నడుమ చిన్న పళ్ళెమంతేసి ఇనప రేకులున్నాయి. మా కొట్టుకు వచ్చే సైకిళ్ళకు రబ్బరు బిళ్ళలు చక్రం అంచునే పట్టుకుంటాయి కాబట్టి, అలాంటి రేకు ఈయన ఎన్నడూ ముట్టుకుని ఎరగరు.

"అరుపు ఇక్కణ్ణుంచే" అంటూ రేకులకు అటూ ఇటూ నూనె రాసి, గుడ్డతో రుద్ది, చక్రం తిప్పి చెవి పెట్టారు. "విను, పిల్లి నడిచినట్టు లేదూ?"

నాకేం తెలుసు? బాగుందన్నాను. అతను టిఫిను తిని, ఇచ్చిన చొక్కాతోనే సైకిలెక్కాడు. మా ఆయన కట్టిన నూనె సీసా, నేను కట్టిన అన్నం మూట సంచిలో పెట్టుకుని, వీధి చివరిదాకా చెయ్యి ఊపుతూనే వెళ్ళాడు.

ఆ తర్వాత మా తమ్ముడు కొట్టు తీయడానికి వచ్చాడు. ఈయన ఊరుకుంటారా?

"దానికేవో చక్రాల మధ్య రేకులున్నాయిరా. ఒకటే గోల. నూనె పెట్టి నోరు మూయించాను."

తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "బావా... అవే బ్రేకులు, నా మోటారు బండ్లకు ఉండేలాంటివే! ఆ రేకుని గట్టిగా పట్టుకుంటేనే బండి ఆగేది. నూనె పూస్తే ఇంకేం పట్టుకుంటుంది?"

మా వీధి నుంచి కొండ మలుపు దాకా అంతా ఎక్కుడే, బ్రేకుతో పని పడదు. ఆ పైన అంతా దిగుడు, పక్కన లోయ.

మా ఆయన ఒక్కటే అడిగారు. "ఎక్కుడు అయిపోయి ఉంటుందంటావా?"

తమ్ముడు బండి తీశాడు. "శుభ్రమైన గుడ్డ కావాలి. బావ గుడ్డలు వద్దు!" అని అరుస్తూ స్పిరిట్ సీసా జేబులో కుక్కుకున్నాడు. చుట్టానికి ఇచ్చిన తువ్వాలు తీగ మీద ఉంటే లాగాను. జన్మలో మోటారు బండి ఎక్కని మనిషి అప్పటికే తమ్ముడి వెనక కూర్చుని ఉన్నారు. నేనూ ఎక్కాను.

"నువ్వెందుకక్కా?"

"నా చేతి అన్నం తిని వెళ్ళాడురా. నడుపు!"

ఎక్కుడంతా అయిపోయింది, అతను కనిపించలేదు. దిగుడు మొదలైంది. ప్రతి మలుపులోనూ నా కళ్ళు లోయలోకే పోతున్నాయి. చూడకూడదనుకుంటాను, చూస్తాను. ఆ ఫొటోలో తల్లికి ఎవరు చెబుతారు, ఏ భాషలో చెబుతారు? కింది నుంచి వస్తున్న లారీని ఆపి అడిగాం.

"సైకిలా? దారిలో ఏ సైకిలూ లేదే" అన్నాడు డ్రైవరు.

మా ఆయన తమ్ముడి భుజం తట్టి ముందుకు పొమ్మన్నారు.

ఇంకో మలుపు తిరిగాం. రోడ్డుకు లోపలిగా, కింది నుంచి వచ్చేవాళ్ళకు కనిపించకుండా, బండరాళ్ళ వెనక నీటి ఊట ఉంది. అక్కడ సైకిలు పడుకోబెట్టి ఉంది. పక్కన అతను గొంతుక్కూర్చుని రేకు కడుగుతున్నాడు. బతికే ఉన్నాడు!

మమ్మల్ని చూడగానే మసిగుడ్డ వెనక్కి దాచేశాడు. నవ్వుతూ కొండల వైపు చెయ్యి చూపించాడు, చూడ్డానికే ఆగానన్నట్టు. కానీ ఒక అరచెయ్యి మోచేతి మీంచి తియ్యడం లేదు. దాని కింద మా ఆయన చొక్కా చిరిగిపోయి, నెత్తురు కనిపిస్తోంది. బండి ఆగకపోతే గట్టుకేసి పడి ఆపుకున్నాడన్నమాట.

"నేనే నాయనా, నేనే చేశాను" అని మా ఆయన తన గుండె మీద కొట్టుకున్నారు.

అతను తల అడ్డంగా ఊపాడు. వేలు పైకెత్తి ఆకాశాన్ని చూపించాడు. వానదట తప్పు!

తమ్ముడు స్పిరిట్ పోసి, తువ్వాలుతో రేకులు తుడిచాడు. మా ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డారు, ముట్టుకోవడానికే భయం. రేకును పట్టుకునే బిళ్ళలు నూనె పీల్చేశాయని, అతను సంచిలోంచి కొత్త బ్రేకు బిళ్ళలు తీశాడు. తమ్ముడు చెయ్యి చాచినా ఇవ్వలేదు. నడిచి వెళ్ళి మా ఆయనకిచ్చాడు.

ఈయన స్పిరిట్‌తో చేతులు కడుక్కున్నారు. తమ్ముడు చూపిస్తుంటే, చిన్నపిల్లాడిలా అడిగి అడిగి బిగించారు. చక్రం తిప్పి బ్రేకు నొక్కారు.

కుయ్యిమంది.

"అరిచింది! ఏమే, అరిచింది!" అన్నారు. కళ్ళు తుడుచుకునే ధ్యాస కూడా లేదు.

అతను మా ముగ్గురికీ చెయ్యి ఊపి, సైకిలెక్కి దిగుడులోకి సాగాడు. మొదటి మలుపులో కుయ్యిమంది. రెండో మలుపులో వినిపించింది. మా ఆయన రోడ్డు పక్క గోడ పట్టుకుని, చెవి వెనక చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు. "అరవరా తండ్రీ, అరవరా" అని గొణుగుతున్నారు.

"పద బావా, ఇంక ఫరవాలేదు" అన్నాడు తమ్ముడు.

"ఉండరా. అట్టడుగు మలుపు మిగిలే ఉంది."

మేమూ కదల్లేదు. చాలాసేపటికి, లోయ అడుగు నుంచి సన్నగా కుయ్యిమంది. అప్పుడు ఆయన రోడ్డు మీదే కూలబడ్డారు.